బాడుగ రెట్టింపు అడుగుతున్నారు, టిఫిన్ సెంటరు ఉంచాలా ఎత్తేయాలా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ప్రశ్న క్లుప్తంగా రాస్తున్నా. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క వీధిలో ఈ ప్రశ్న అడిగిన తమ్ముడి నాన్న పెట్టిన టిఫిన్ సెంటరు పన్నెండేళ్ళుగా నడుస్తోంది. బాడుగ 18 వేలు, అడ్వాన్సు 50 వేలు. ఇప్పుడు ఓనరు బాడుగ 40 వేలు, అడ్వాన్సు 3 లక్షలు అంటున్నారు, అదీ 11 నెలల అగ్రిమెంటుకే. ఒక పక్క కేఫ్ వచ్చింది, ఇంకో పక్క మండీ హోటలుకు పని జరుగుతోంది. రోజు కౌంటరు, అంటే అమ్మకం, 10 వేలు. ధరలు పెంచి అక్కడే ఉండాలా, మనం కూడా కేఫ్‌లాగా మారిపోవాలా, లేక వేరే చోటు చూసుకోవాలా అన్నది ప్రశ్న.

నేను తిరుపతిలో చిన్న హోటళ్ళకు, మెస్సులకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేసే మనిషిని. ఈ పని పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. వంట నాకు రాదు, కానీ ఎవరి గల్లాపెట్టెలో ఎంత మిగిలింది, ఎవరు ఎందుకు మూసేశారు అన్నది మాత్రం దగ్గర నుంచి చూశాను.

జవాబు ముందే చెప్పేస్తా. 11 నెలల అగ్రిమెంటు మీద 40 వేలకు సంతకం పెట్టొద్దు. ఓనరు 30 వేల దగ్గరికి దిగి, ఐదేళ్ళకు రిజిస్టరు లీజు రాసిస్తే ఉండండి, దోసె మీద 5 రూపాయలు పెంచండి. ఐదేళ్ళు కుదరదంటే అదే పేటలో రెండు వీధులు లోపలికి జరగండి. కేఫ్ ఆలోచన మాత్రం మానుకోండి, ఎందుకో కింద చెబుతా.

ముందు లెక్క. మీరు ఇచ్చిన అమ్మకం అంకె ఒక్కటే, మిగతావి నా దగ్గరున్న ఇలాంటి అంగళ్ళను బట్టి వేస్తున్నా, మీవి కొంచెం అటూ ఇటూ ఉంటాయి, మార్చుకోండి. నెలకు 28 రోజులు తెరిస్తే అమ్మకం 2,80,000. సరుకులు 1,18,000. గ్యాసు 20 వేలు. దోసె మాస్టరు, హెల్పరు, ప్లేట్లు తీసి తుడిచే ఇద్దరు, అందరి జీతాలు కలిపి 64 వేలు. కరెంటు, నీళ్ళు 8 వేలు. పార్శిల్ కవర్లు, డబ్బాలు, పేపర్ ప్లేట్లు 8 వేలు. జీఎస్టీ కాంపోజిషన్‌లో ఉంటే అమ్మకం మీద 5 శాతం, అంటే 14 వేలు (కాంపోజిషన్ అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద ఇంత శాతం అని కట్టేసే పద్ధతి). మొత్తం ఖర్చు 2,32,000. బాడుగ కట్టకముందు చేతిలో ఉండేది 48 వేలు. 18 వేలు కడితే మీ ఇంటికి 30 వేలు వస్తుంది. 40 వేలు కడితే 8 వేలు. తెల్లారకముందే లేచి సాంబారుకు పప్పు వేసే మీకూ మీ నాన్నకూ కలిపి, నెలంతా నిలబడితే 8 వేలు.

అడ్వాన్సు సంగతి మీరు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. 50 వేల నుంచి 3 లక్షలకు అంటే కొత్తగా 2,50,000 తేవాలి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా నెలకు 5 వేలు. కాబట్టి ఓనరు నోటితో అడుగుతున్నది 40 వేలు, మీ జేబులోంచి పోయేది 45 వేలు. పై లెక్కలోని 8 వేలు కాస్తా 3 వేలు అయ్యాయి. సొంత డబ్బే ఉంది, వడ్డీ ఎందుకు అంటారేమో, ఆ డబ్బు ఇంకో చోట ఉంటే ఏదో ఒకటి తెచ్చేదే కదా.

మా దగ్గరికి వచ్చే హోటలు వాళ్ళకు నేను చెప్పే కొలత ఒకటే. బాడుగను రూపాయల్లో చూడకండి, ఎన్ని రోజుల అమ్మకం బాడుగకు పోతోంది అని చూడండి. మీకిప్పుడు రెండు రోజుల లోపే పోతోంది, నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళు చౌకగా ఉన్నారు, ఓనరుకు ఆ మంట ఉండడం సహజం. మూడు రోజులైతే మామూలు. నాలుగో రోజు దగ్గర ఆగి ఆలోచించాలి. నాలుగు దాటి ఐదుకు పోతున్న టిఫిన్ సెంటర్లలో నిలబడ్డవాటిని నేను పెద్దగా చూడలేదు. వడ్డీతో కలిపి మీకు నాలుగున్నర అవుతుంది.

ఇక ధర పెంచడం. 40 రూపాయల దోసెను 45 చేస్తే జనం పారిపోతారని మీ నాన్న అంటున్నారని రాశారు. పారిపోయేది ఎంతమంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, అందుకే లెక్క కట్టాలి. అన్ని ఐటమ్స్ అదే పాళ్ళలో పెంచి, పదిమందిలో ఒకరు తగ్గారనుకోండి. అమ్మకం 2,83,500 దగ్గర నిలుస్తుంది, సరుకు, గ్యాసు, కవర్లు పదో వంతు తగ్గుతాయి, 40 వేల బాడుగ పోగా 26 వేల దాకా మిగులుతుంది. అదే పదిమందిలో ఇద్దరు తగ్గితే 10,600. చూశారా, ఒక్క మనిషి తేడాకు సగానికి పైగా పోయింది. బాడుగ 30 వేలై, పదిమందిలో ఒకరే తగ్గితే మీకు దాదాపు 36 వేలు, అంటే ఇప్పుడు మిగిలే దానికన్నా ఎక్కువే. నేను 30 వేలు అని చెప్పింది ఇందుకే, గాల్లోంచి తీసిన అంకె కాదు.

కాబట్టి ఓనరుతో మాట ఖాయం చేసుకోకముందే ధర పెంచి చూడండి. సోమవారం నుంచి 45 అని బోర్డు రాయండి, రెండు వారాలు రోజూ ఎన్ని ప్లేట్లు పోయాయో నోటుబుక్కులో రాయండి. డబ్బు లెక్క కాదు, ప్లేట్ల లెక్క. పిండి ఎన్ని కిలోలు రుబ్బారు, ఎంత మిగిలింది అన్నా చాలు. వంద రూపాయల బోర్డుతో తెలిసిపోయే సంగతిని ఏడాది బాడుగ పందెం పెట్టి తెలుసుకోవడం దేనికి? ఒక జాగ్రత్త, సంక్రాంతి సెలవులప్పుడో, పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసే ఎండాకాలంలోనో ఈ పరీక్ష పెట్టకండి. తగ్గింది ధర వల్లనా, సెలవుల వల్లనా తేలదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. మీరు ప్రశ్న అంతా 40 వేల గురించి రాశారు, 11 నెలలు అన్నది ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నేనైతే ఆ 11 నెలల గురించే టెన్షన్ పడతాను. ఈ 11 లెక్క ఎక్కడిదంటే, ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాలి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 107వ సెక్షను అదే చెబుతుంది. ఆ ఖర్చు, ఆ కట్టుబాటు తప్పించుకోవడానికి అందరూ 11 నెలలు రాసుకుంటారు. ఇంటి బాడుగకు అది సరిపోతుంది, మంచం, బీరువా ఎత్తుకొని పోవచ్చు. పెనం, రాతి బండ, పొగగొట్టం, నీళ్ళ లైను, గ్యాసు బ్యాంకు (సిలిండర్ల వరస) పెట్టుకున్న అంగడికి అది ఎట్లా సరిపోతుంది? ఆ గడువు అయ్యాక కొత్తది రాయకుండా నెలనెలా బాడుగ కడుతూ ఉంటే, అదే చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. కాదంటే కోర్టుకు పోవాలి తప్ప అంగడికి తాళం వేయడం, కరెంటు పీకేయడం ఓనరు చేయకూడదు, అది వేరే సంగతి. కానీ కోర్టు చుట్టూ తిరుగుతూ ఇడ్లీలు అమ్మిన మనిషిని నేను చూడలేదు.

ఇంకో మాట, ఆ వీధిలో పాత మిద్దెలు అమ్ముడుపోయి అపార్టుమెంట్లో, లాడ్జీలో లేస్తున్న కాలం ఇది. రేపు మీ ఓనరు ఆ స్థలం అమ్మేస్తే? రిజిస్టరు లీజు ఉంటే కొన్నవాళ్ళు కూడా ఆ లీజుకు కట్టుబడాల్సిందే, అదే చట్టంలో 109వ సెక్షను. 11 నెలల కాగితంతో ఆ ధీమా రాదు. అందుకే నెలకు వెయ్యో రెండు వేలో ఎక్కువైనా సరే, ఏళ్ళు సంపాదించుకోండి. మీరు అడగాల్సింది ఇట్లా ఉండాలి: ఐదేళ్ళు, మొదటి ఏడాది 30 వేలు, ఏడాదికి 5 శాతం పెంపు, మధ్యలో ఓనరు ఖాళీ చేయించకూడదు, మీరు మాత్రం మూడు నెలల ముందు చెప్పి వెళ్ళిపోవచ్చు, అడ్వాన్సు లక్ష, వెళ్ళేరోజే తిరిగి ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు సగం సగం. మీరు సొంత డబ్బుతో బిగించినవి పోయేటప్పుడు తీసుకుపోవచ్చు అని కూడా రాయించండి. చట్టం ఎలాగూ ఒప్పుకుంటుంది, గోడలు దెబ్బతినకుండా, స్వాధీనం మీ చేతిలో ఉండగానే తీసుకోవాలి అంతే, కానీ కాగితం మీద ఉంటే పోయేరోజు గొడవ ఉండదు.

ఓనరు ఎందుకు ఒప్పుకుంటారు అంటారా. ఇక్కడ అసలు బాడుగలు ఎలా పెరుగుతున్నాయో కొంచెం చెప్పాలి. 2015లో ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా అయింది, కలెక్టరేట్, జిల్లా ఆఫీసులు, వాటి ఉద్యోగులు, 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవరు పూర్తిగా తెరిచారు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, అపార్టుమెంట్లు. ఇవన్నీ నిజమే, జనం చేతిలో డబ్బు పెరిగింది, సాయంత్రం కార్లలో కుటుంబాలతో తినడానికి బయటికొస్తున్నారు. అయితే మీ వీధిలో 18 ఒక్కసారిగా 40 అయింది ఇందువల్ల కాదని నా అనుమానం. అది పక్క అంగడి ఇచ్చిన అంకె. కొత్తగా వచ్చే కేఫ్‌లు, మండీలు చాలావాటి బాడుగ వంటింట్లోంచి రాదు, భూమి అమ్మిన డబ్బులోంచో, అమెరికాలో ఉన్న బావమరిది పంపిన డబ్బులోంచో వస్తుంది. మొదటి ఏడాది నష్టమైనా కడతారు. ఏడాదిన్నరకు బోర్డు మారిపోతుంది, ఇంకొకరు వస్తారు. 2021 నవంబరు వరద దిగిపోయినా ఇళ్ళ గోడల మీద నీటి మరక ఉండిపోయినట్టు, ఆ హోటలు పోయినా అది ఇచ్చిన బాడుగ వీధిలో ఉండిపోతుంది, ఇక ప్రతి ఓనరూ ఆ మరక చూపించే మాట్లాడతారు.

ఆ అంకెను మీరు కూడా విచారించండి. పక్క కేఫ్ నిజంగా ఎంత కడుతోంది, ఇంటీరియర్ పని జరిగినన్ని నెలలు బాడుగ మాఫీ చేయించుకుందా, అంతకుముందు ఆ షట్టరుకు టు-లెట్ బోర్డు ఎన్ని నెలలు వేలాడింది? టీ కొట్టు దగ్గర నిలబడితే ఇవన్నీ తెలుస్తాయి. తెలిశాక ఓనరు ముందు ఈ లెక్క పెట్టండి. 40 వేల పార్టీ కోసం అంగడి నాలుగు నెలలు ఖాళీగా ఉంటే ఆ ఏడాది ఆయనకు వచ్చేది 3,20,000. మీరు 30 వేల చొప్పున పన్నెండు నెలలు కడితే 3,60,000. పన్నెండేళ్ళలో ఒక్క నెల కూడా బాకీ పడలేదని రాశారు కదా, ఆ మాటకు విలువ ఉంది, సిగ్గుపడకుండా చెప్పుకోండి.

ఇంటిపన్ను పెరిగింది అంటారు, అందరు ఓనర్లూ అంటారు. 2021లో మన రాష్ట్రంలో పన్ను లెక్కను ఆస్తి విలువ మీదికి మార్చిన మాట నిజమే, కానీ ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న పరిమితి కూడా అప్పుడే పెట్టారు. ఏడాదికి 12 వేలు పన్ను కట్టే అంగడికి 15 శాతం అంటే 1,800, నెలకు 150 రూపాయలు. ఆ పెంపు నేనే కడతాను సార్ అనేయండి, ఆ వాదన అక్కడితో అయిపోతుంది.

ఇంకొకటి, ఇది లెక్కల పుస్తకంలో కనపడదు. మీ ఓనరు పైఅంతస్తులోనే ఉంటారని రాశారు. అయితే రోజూ తెల్లవారుజామున పోపు ఘాటు, పొగ, గ్రైండరు మోత, వాకిట్లో బైకులు, కాలువ అడ్డుపడి వాసన, ఇవన్నీ ఆ ఇంటి ఆడవాళ్ళు భరిస్తున్నారు. చాలా ఇళ్ళల్లో "వీళ్ళను పంపించేయండి" అన్న మాట వంటింట్లోంచే మొదలవుతుంది, బాడుగ దానికి ఒక సాకు. ఎం.ఆర్. పల్లి వైపు నా దగ్గరికి వచ్చే ఒకాయన అగ్రిమెంటు మాటలకు పోయేముందు పొగగొట్టం మిద్దె మీది వరకు ఎత్తించి, కాలువకు ముందు జిడ్డు ఆగే తొట్టి కట్టించాడు. ఓనరమ్మ తర్వాత బాడుగ మాట చాలా మెత్తగా మాట్లాడింది. అందరికీ పనిచేస్తుందని అనను. ఓనరు నిజంగానే డబ్బు అవసరంలో ఉంటే, ఇంట్లో ఆసుపత్రి ఖర్చో కూతురి పెళ్ళో ఉంటే, పొగగొట్టం ఆపదు.

ఇప్పుడు కేఫ్ సంగతి. ఈ సలహా మీకు మీ చిన్నాన్న ఇచ్చారన్నారు, ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నా, వద్దు. ఒక కుటుంబం కథ చెబుతా, ఊరు తిరుపతే, పేట పేరు వద్దు. ఇడ్లీ, వడ, పొంగలి, కారందోసె, పూరీ, ఇంతే చేసేవాళ్ళు, అంగడి ముందు నిలబడి తినేవాళ్ళు. పక్కన కొత్త హోటళ్ళు వచ్చేసరికి అప్పు చేసి ఏసీ, గాజు తలుపు, సోఫాలు, గోడ మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ తీగలు పెట్టారు, మెనూ నాలుగు పేజీలైంది. మొదట పోయింది ఆటో డ్రైవర్లు, బేల్దారి పనివాళ్ళు. ధర వాళ్ళకు పెద్ద అడ్డు కాలేదు, ఐదు రూపాయలే తేడా. గాజు తలుపు చూసి సిమెంటు కాళ్ళతో లోపలికి రావడానికి మొహమాటపడ్డారు. వాళ్ళు ప్లేటు తిని పది నిమిషాల్లో లేచిపోయేవాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు ఒక కోల్డ్ కాఫీ పెట్టుకొని గంటన్నర కూర్చున్నారు, వైఫై పాస్‌వర్డు అడిగారు. నాలుగు పేజీల మెనూకు ఫ్రిజ్జు నిండా సరుకు, అందులో మూడో వంతు పారేయడమే. మాస్టరు ఒక్కడు చాలక ఇద్దరయ్యారు, వాళ్ళిద్దరికీ పడలేదు. ఏడాది తిరగలేదు, అమ్మేశారు.

కేఫ్ వ్యాపారం తప్పని నేను అనడం లేదు, అది కూర్చునే చోటును బాడుగకు ఇచ్చే వ్యాపారం, కాఫీ దాని రసీదు. మీది చేతి వేగం మీద నడిచే వ్యాపారం. మీ నాన్న పెనం ముందు గంటకు ఎన్ని దోసెలు తీస్తారో అదే మీ ఆస్తి. దాన్ని సోఫాల్లో పెట్టి ఆరబెట్టకండి.

మరి మారకుండా ఎలా ఉంటాం అంటే, ఉన్న చేతితో ఇంకేం చేయగలం అని చూడాలి. మీ అంగడి పదకొండు గంటలకు పొయ్యి ఆర్పేస్తుంది, తర్వాత రోజంతా బాడుగ ఊరికే నడుస్తోంది. ఎవరైనా పరోటా మాస్టరుకు సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఇచ్చి రోజుకు ఇంత అని తీసుకుంటున్నవాళ్ళు నా దగ్గర ఉన్నారు, దాంతో బాడుగలో మూడో వంతు దాకా తేలిపోతుంది. కానీ ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా చేయకండి, వేరేవాళ్ళకు బాడుగకు ఇచ్చారన్న కారణం ఒక్కటే చాలు మిమ్మల్ని ఖాళీ చేయించడానికి. లీజులోనే ఆ వాక్యం పెట్టించండి.

ఇంకో దారి మీరే రాశారు, అమ్మ సంగటి బాగా చేస్తుందని. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఒకప్పుడు చేలల్లో పనికి పోయేవాళ్ళ తిండి, ఇవాళ అదే ఇత్తడి పళ్ళెంలో పెట్టి మూడు వందలకు అమ్ముతున్నారు, నాకు ఆ బిల్లు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. మీరు కోడి దాకా పోనక్కర్లేదు, టిఫిన్ సెంటరులో మాంసం మొదలుపెడితే పొద్దున వచ్చే, శనివారం మాంసం ముట్టనివాళ్ళు, గుడికి పోయేవాళ్ళు తగ్గుతారు, మన ఊళ్ళో అది చిన్న సంగతి కాదు. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి, పప్పు, మజ్జిగ, ఒక్కటే ప్లేటు, నలభై ప్లేట్లు, అయిపోతే అంగడి మూత. ముందు నెల రోజులు నలభైకే ఆగండి. సంగటి మిగిలితే సాయంత్రానికి గట్టిపడుతుంది, దోసె పిండిలాగా రేపటికి రాదు.

ఎక్కువ బాడుగ కట్టడం అన్నిచోట్లా తప్పేనా అంటే కాదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల చుట్టుపక్కల, బస్టాండు, రైల్వే స్టేషను ఎదురుగా ఉండేవాళ్ళు ఐదు రోజుల అమ్మకం బాడుగకు పోసినా నిలబడతారు. అక్కడ తినేవాళ్ళకు వెతికే ఓపిక, టైము ఉండవు, రోగిని పైన వదిలి వచ్చినవాళ్ళు, బస్సు దిగిన యాత్రికులు కంటికి కనపడినచోట తింటారు. రోడ్డు మీద ఉండడమే అక్కడ వ్యాపారం. మీ గిరాకీ అది కాదు. పొద్దున మీ దగ్గరికి వచ్చేవాళ్ళు హాస్టలు పిల్లలు, వాకింగ్ ముగించుకొని వచ్చే పెద్దలు, ఇంటికి పార్శిల్ తీసుకుపోయేవాళ్ళు, వీళ్ళకు మీ పేరు తెలుసు, మీ శెనక్కాయ చట్నీ తెలుసు. బ్రహ్మోత్సవాలప్పుడు ఊరంతా కిటకిటలాడినా మీ కౌంటరు పెద్దగా పెరగదని మీరే గమనించి ఉంటారు. అలాంటప్పుడు మెయిన్ రోడ్డు పక్కన ఉండడం కోసం 40 వేలు కట్టడం ఎవరి కోసం?

అందుకే ఓనరు దిగిరాకపోతే లోపలి వీధికి జరగమంటున్నా. జరగడంలో కూడా తేడాలున్నాయి. టిఫిన్ మిద్దె ఎక్కదు, భోజనం ఎక్కుతుంది. బాలాజీ కాలనీ దగ్గర ఒక మెస్సు ఆయన కింద షట్టరు వదిలి అదే బిల్డింగులో పైకి మారాడు, బాడుగ సగం. మధ్యాహ్నం భోజనానికి యూనివర్సిటీ పిల్లలు ఎప్పటిలాగే వచ్చారు, అరగంట కూర్చొని తినేదానికి మెట్లు ఒక లెక్క కాదు. పొద్దున ఇడ్లీ మాత్రం నెల తిరక్కుండా పడిపోయింది, బైకు ఆపి రెండు ప్లేట్లు కట్టించుకునేవాళ్ళు ఎవరూ మెట్లెక్కరు. కాబట్టి మీకు చౌకగా పైఅంతస్తు దొరికినా తీసుకోకండి, లోపలి వీధిలో కింద, ముందు నాలుగు బైకులు ఆగే జాగా ఉన్నది చూడండి.

దూరం ఎంత వరకు అంటే, ఇప్పుడు వచ్చేవాళ్ళు నడిచి రాగలిగినంత. ఊళ్ళోనే ఇంకో పేట కొర్లగుంటలో చౌకగా ఉందని అక్కడికి పోతే అది కొత్త అంగడి పెట్టినట్టే, పన్నెండేళ్ళ పేరు ఇక్కడే ఉండిపోతుంది. మారేముందు కనీసం నెల రోజులు ప్రతి పార్శిల్ కవరు మీద కొత్త చోటు గుర్తులు రాసిన చిన్న చీటీ అంటించండి. ఫోన్‌పే సౌండ్ బాక్సు దగ్గర ఒక కాగితం. రెగ్యులర్‌గా వచ్చేవాళ్ళ నంబర్లు తీసుకొని వాట్సాప్ గ్రూపు పెట్టండి, రోజూ గుడ్ మార్నింగ్ పంపకండి, ఇవాళ పొంగలి ఉంది అని మాత్రం పెట్టండి. మారిన ఒకాయన పాత మూల దగ్గర రెండు వారాలు ఒక కుర్రాడిని నిలబెట్టాడు, "ఈ సందులో మూడో ఇల్లు అన్నా" అని చూపించడమే వాడి పని. ఆ కుర్రాడికి ఇచ్చిన కూలీ ఏ బ్యానరుకూ రాని ఫలితం ఇచ్చింది.

జీఎస్టీ గురించి అడగలేదు కానీ చెప్పక తప్పదు. మీ అమ్మకం ఏడాదికి 33 లక్షలు దాటుతోంది, హోటలుకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే ముందు అది చేయించుకోండి. 2025 జూలైలో బెంగళూరులో చిన్న అంగళ్ళవాళ్ళకు యూపీఐ లెక్కలు చూసి నోటీసులు ఇచ్చిన సంగతి గుర్తుందిగా. బాడుగతో దీనికి సంబంధం ఏమిటంటే, మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న హోటలు జీఎస్టీ లేని ఓనరుకు కమర్షియల్ బాడుగ కడితే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ బాడుగ మీద 18 శాతం హోటలువాళ్ళే కట్టాలి. 40 వేల మీద అది 7,200. 5 శాతం వేసే హోటలుకు అది తిరిగి రాదు, ఖర్చే. 2025 జనవరిలో కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళను దీన్నుంచి తప్పించారు, అందుకే మీ సైజు అంగడికి కాంపోజిషనే మేలు. అయితే ఓనరే జీఎస్టీలో ఉంటే ఆయన బిల్లులోనే 18 శాతం వేస్తారు, అప్పుడు మీరు ఏ స్కీములో ఉన్నా తప్పదు. బాడుగ మాట్లాడేటప్పుడు "జీఎస్టీతో కలిపా, విడిగానా" అని మొదటే అడగండి, సంతకాలయ్యాక అడిగితే విడిగానే అంటారు.

అడ్వాన్సు ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇవ్వండి. పాత 50 వేలు మీ నాన్న ఓనరుకు నోట్ల రూపంలో ఇచ్చారేమో, దానికి కాగితం లేకపోతే కొత్త లీజులో "ఇదివరకే ముట్టిన 50 వేలతో కలిపి" అన్న మాట పెట్టించండి.

మారడమే ఖాయమైతే ఫుడ్ లైసెన్సు, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు రెండూ ఆ చిరునామాకే ఇచ్చినవి, కొత్త చోటుకు మళ్ళీ తీసుకోవాలి, జీఎస్టీలో చిరునామా మార్పు పెట్టాలి. కొత్త చోట పొయ్యి వెలిగించకముందే దరఖాస్తులు పెట్టేయండి. గూగుల్ మ్యాప్‌లో కొత్త పేరుతో కొత్త పిన్ను పెట్టకండి, ఉన్నదాన్నే జరపండి, రివ్యూలు దానితోపాటే వస్తాయి. ధర పెంచిన రెండు వారాల ప్లేట్ల లెక్క ఇక్కడే కింద పెట్టండి, పక్క కేఫ్ బాడుగ తెలిస్తే అది కూడా, చూసి ఓనరుకు చెప్పాల్సిన అంకె మళ్ళీ కట్టి ఇస్తా.